రెండు కొసలూ కావాలన్న మనిషి

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మొన్న మంగళవారం ఉదయం మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఆయన పోయాడన్న కబురు వచ్చింది. పది నిమిషాలు తిరగకముందే ఆ కళ్ళు చారెడు కాస్తా చాటంత అయ్యాయి. "గొప్ప గురువు" అని ఒకరు, "మేధావి" అని ఇంకొకరు, "నాకు తండ్రిలాంటివారు" అని మరొకరు రాశారు. తండ్రిలాంటివారు అని రాసినవాడు ఆయన టీములోంచి బయటపడడానికి మూడుసార్లు మేనేజరు కాళ్ళావేళ్ళా పడినవాడు. ఆయన చెప్పుల చప్పుడు వినబడితే చాలు, ఫోను చెవికి ఆనించుకుని మెట్లవైపు నడిచే ఆవిడ వరసగా నాలుగు దండాల బొమ్మలు పెట్టింది. నేనూ రెండు పెట్టాను. పెట్టకపోతే బాగుండదని పెట్టాను.

ఆయనంటే నాకు గిట్టదు. పదకొండేళ్ళు ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను. రెండేళ్ళ కిందట ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలోకి నేనే మారాను. ఆయన పోయాడని చదివాక కూడా గిట్టడం మొదలవలేదు. గ్రూపులో రాయలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా ఆఫీసు హూడిలో ఒక అద్దాల మేడలో ఐదో అంతస్తు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలకు సాఫ్ట్‌వేర్ చేసి ఇవ్వడం మా పని. ఏ షిఫ్టుకు ఎవరు రావాలి, ఏ వ్యాను ఎక్కడ ఆగాలి, ఏ లైన్లో ఎవరు కూర్చోవాలి, ఇట్లాంటి నియమాలు ప్రతి ఫ్యాక్టరీకీ వేరుగా ఉంటాయి. వాటిని రాయడానికి ఆయన ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాడు. బయటి ప్రపంచంలో దాని పేరు ఎవరికీ తెలియదు. మా అంతస్తులో నలభై మందికి మాత్రం అదే కూడూ గుడ్డా. అందులో పని నేర్చుకున్నవాడికి బయట ఇంకో ఉద్యోగం దొరకడం కష్టం. అందుకే వచ్చినవాళ్ళు పోరు. పోకపోవడానికి కారణం తన భాష గొప్పతనం అని ఆయన నమ్మకం.

"లోకంలో ఉండే భాషలన్నీ బయటోళ్ళు వాళ్ళ కోసం చేసుకున్నారప్పా. ఇది మన కోసం నేను చేసినా," అనేవాడు కొత్తగా చేరిన ప్రతివాడితోనూ.

ఆయన తాత కాలం నుంచీ చిక్కపేటలో బట్టల కొట్టు. ఊరు ఎప్పుడు దాటి వచ్చారో వాళ్ళకే తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో రెండూ కలిపి కొట్టేవాడు. సగం చేతుల చొక్కా, జేబులో మూత ఉన్న పెన్ను, నల్లగా రంగేసిన జుట్టు. రాగానే బూట్లు విప్పి బల్ల కిందకు తోసి రబ్బరు చెప్పులు తొడుక్కునేవాడు. ఆ చెప్పులు టపటపమంటూ మనవైపు వస్తున్నాయంటే తెరమీద క్రికెట్ స్కోరు మూసేసి ఏదో ఒక ఫైలు తెరవాల్సిందే. వెనక నిలబడి చదివేవాడు. చదివి, "సుమ్నే రాసినావు," అని వెళ్ళిపోయేవాడు. ఊరికే రాశావని దాని అర్థం. ఎక్కడ తప్పో చెప్పడు. తప్పు లేకపోయినా మనిషి ఆ రోజంతా వెతుక్కుంటూ కూర్చోవాలి. అదీ ఆయన గురుత్వం.

కింద దర్శిని హోటల్లో రోజూ పదకొండింటికి బై-టు కాఫీ. ఒక కాఫీ, ఒక ఖాళీ గ్లాసు ఇస్తారు, ఇద్దరూ పంచుకోవాలి. పంచేది ఎప్పుడూ ఆయనే. రెండు గ్లాసులూ కంటికి ఎదురుగా ఎత్తి పట్టుకుని, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి చుక్కచుక్కగా వంచి, వజ్రాల వ్యాపారిలా పరీక్ష చేసి, చివరికి ఎక్కువున్నది తాను తీసుకునేవాడు. "వయసైనోణ్ణి కదప్పా," అనేవాడు. నేను చేరిననాడు ఆయనకు యాభై కూడా లేవు.

ఏ మీటింగులోనైనా మొదటి మాట ఆయనది, చివరి మాట ఆయనది. మధ్యలో ఎవరేం మాట్లాడుకున్నా పట్టించుకోడు, పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంటాడు. అంతా అయిపోయి కుర్చీలు జరుపుతుంటే, "ఇంకొక్క మాట," అంటాడు. ఆ ఒక్క మాట ఇరవై నిమిషాలు. ఏదైనా పాడైతే, "నేను అప్పుడే చెప్పినా," అంటాడు. ఎప్పుడు చెప్పాడో ఎవరికీ గుర్తుండదు. భాషలో ఏదైనా మార్పు అడిగితే మాత్రం ఒకటే పాట.

"భాష అంటే ఇల్లప్పా. బాడిగకుండేవాడు గోడ పగలగొట్టకూడదు."

ఆ ఇంట్లో నలభై మందిమీ బాడిగవాళ్ళమే. యజమాని ఒక్కడే.

ఇక ఆ భాష సంగతి. అందులో 1..10 అని మధ్యలో రెండు చుక్కలు పెట్టి రాస్తే ఒకటి నుంచి పది దాకా అని. ఒకటీ లోపలే, పదీ లోపలే. పది వద్దు, పదికి ముందు ఆగిపో అని చెప్పడానికి ఆ భాషలో దారి లేదు. మామూలుగా ఇతర భాషల్లో రెండు రకాలకూ వీలుంటుంది. ఈయన దగ్గర ఒకటే రకం. పది వద్దనుకున్నవాడు లెక్క చూసుకుని తొమ్మిది అని రాసుకోవాలి. ఒకచోట మరిచిపోతే ఒకే మనిషి రెండు షిఫ్టుల్లోనూ ఉంటాడు. ఫ్యాక్టరీ నుంచి ఫోను వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు చేత్తో సరిచేయాలి. ఏళ్ళ తరబడి మా పనిలో సగం ఇదే.

ఎవరైనా నోరు తెరిచి అడిగితే ఆయన లేచి నిలబడేవాడు. కనబడని బట్ట థాను ముందున్నట్టు రెండు చేతులూ చాచి, "సోమవారం నుంచి శుక్రవారం దాకా పనికి రా అంటే శుక్రవారం ఇంట్లో పడుకుంటావా? మనిషన్నవాడు రెండు కొసలూ కలుపుకునే లెక్కబెడతాడు. మా తాత ఐదు మీటర్లంటే ఐదూ కొలిచి, పైన వేలెడు వదిలి కత్తిరించేవాడు. కొస కోసి దాచుకునేవాడు దొంగ," అనేవాడు. వేలెడు అన్నప్పుడు బొటనవేలు చూపించేవాడు. పదకొండేళ్ళలో ఆ బొటనవేలు నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళు చాలామంది ఉంటారు. కుందేళ్ళన్నిటికీ మూడే ఉండాలని నాలుగోది నరికేవాణ్ణి ఈయన్నే చూశాను.

హేమ మా దగ్గర కాంట్రాక్టు మీద చేరింది. మడకశిర అమ్మాయి. మేమంతా మెడలో నీలం తాడు వేసుకుంటే కాంట్రాక్టు వాళ్ళు ఆకుపచ్చ తాడు వేసుకోవాలి. ఏడాది అయ్యాక పని నచ్చితే నీలం తాడు ఇస్తారు, లేకపోతే పంపేస్తారు. ఆ అమ్మాయికి తొమ్మిది నెలలు అయ్యాయి. బొమ్మనహళ్ళిలో పీజీ హాస్టల్లో ఉండేది. మా సాఫ్ట్‌వేర్ వాడే ఫ్యాక్టరీ ఒకటి అక్కడే ఉండడంతో, ఏ చిన్న ఇబ్బంది వచ్చినా తనే వెళ్ళి చూసి వచ్చేది. మాలో ఎవరమూ ఆ ఫ్యాక్టరీ గేటు కూడా చూసినవాళ్ళం కాదు.

ఆ ఫ్యాక్టరీలో కుట్టేవాళ్ళ పిల్లలకు రెండు గదులున్నాయి. ఆరు నెలల నుంచి పన్నెండు నెలల వాళ్ళకు ఊయల గది. పన్నెండు నుంచి ముప్పై ఆరు నెలల వాళ్ళకు ఆటల గది. రోజూ ఉదయం రెండు గదులకూ పేర్ల జాబితా మా సాఫ్ట్‌వేర్ పంపుతుంది. జాబితాలో పేరుంటేనే పిల్లలను చూసుకునే ఆయమ్మ బిడ్డను తీసుకోవాలి, అది ఫ్యాక్టరీ వాళ్ళ కట్టుబాటు. మా భాషలో రెండు కొసలూ లోపలే కదా, పన్నెండో నెల నడుస్తున్న బిడ్డ పేరు రెండు జాబితాల్లోనూ వచ్చింది. ఆయమ్మ హేమకు ఫోన్ చేసి నవ్విందట. "ఒక బిడ్డను రెండు గదుల్లో ఎట్ల పండబెట్టేది తల్లీ?"

హేమ అందరిలాగా నవ్వి చేత్తో సరిచేసి ఊరుకోలేదు. రెండు వారాలు కూర్చుని భాషలోనే మార్పు రాసింది. చుక్కల పక్కన ఒక చిన్న గుర్తు, "కంటే తక్కువ" అని లెక్కల్లో పెట్టే గుర్తు. 6..<12 అని రాస్తే ఆరు లోపలికి, పన్నెండు బయటికి. ఆ గుర్తు ముందు పెడితే మొదటి కొస బయటికి. రెండువైపులా పెడితే రెండూ బయటికి. పాత రాతలు ఒక్కటి కూడా చెడవు. మూడు పేజీల్లో వివరంగా రాసి అందరికీ పంపింది. నేను చదివాను. లోపం వెతికాను, దొరకలేదు. బాగుందని జవాబు రాద్దామనుకుని, ముందు ఆయన ఏమంటాడో చూద్దామని ఆగాను.

మీటింగులో మొదటి మాట ఆయనదే. చేతులు చాచాడు, తాతను తెచ్చాడు, బొటనవేలు చూపించాడు. హేమ నిలబడి అంతా విన్నది.

"గుడ్డ అమ్మేటప్పుడు అది సరే సార్," అంది. "రెండు ముక్కలు కలిపి కుట్టేటప్పుడు ఏం చేస్తారు? రెండు కొసలూ అట్లే ఉంచితే ఒకదాని మీద ఒకటి పడి ఉబ్బుతాది. ఒక కొసను లోపలికి మడిచి కుడతారు. ఫ్యాక్టరీలో రోజూ చూస్తా ఉండా. మనం అమ్మేవాళ్ళం కాదు కదా సార్, అతికేవాళ్ళం."

గదిలో ఎవరో నవ్వబోయి దగ్గారు. ఆయన పెన్ను మూత పెట్టాడు. అంతవరకూ ఆ చేతుల కొలతకు ఎదురుచెప్పినవాళ్ళు లేరు. హేమ మెడలోని ఆకుపచ్చ తాడు వైపు చూశాడు.

"నువ్వు కాంట్రాక్ట్ కదమ్మా?" అన్నాడు.

"అవును సార్."

"ముందు ఇంట్లో కుదురుకో. గోడల సంగతి తర్వాత చూద్దాం."

అందరూ లేచాక ఇంకొక్క మాట అన్నాడు. "ఆ పిల్లల గదుల సంగతి ఎవరైనా చేత్తో సరిచేయండప్పా." ఎవరైనా అన్నాడు. మా దగ్గర పనులన్నీ ఇట్లా "ఎవరైనా" పేరు మీదే నడుస్తాయి.

మర్నాడు ఉదయం రాగానే నేను ఆటల గది ఫైలు తెరిచి పన్నెండు తీసేసి పదమూడు పెట్టాను. ఇక పన్నెండో నెల బిడ్డ ఊయల గదిలోనే ఉంటుంది, రెండుచోట్ల రాదు. ఒక నిమిషం పని. పదకొండింటికి ఆయన దర్శినికి రాలేదు. తలనొప్పేమోనని కాఫీ పైకి తీసుకెళ్ళాను. ఆయన వీపు నావైపు ఉంది. తెరమీద ఊయల గది ఫైలు. పన్నెండు చెరిపి పదకొండు కొడుతున్నాడు. అదీ తన పేరుతో కాదు. ఫ్యాక్టరీలకు మార్పులు పంపడానికి అందరూ వాడే ఉమ్మడి ఖాతాతో కొడుతున్నాడు. నన్ను చూసి లాప్‌టాప్ మూత కాస్త కిందికి వంచాడు.

"సుమ్నే చూస్తా ఉండా," అన్నాడు.

నాకు ఎంత ఆనందం కలిగిందో దాచుకోను. చెప్పేవి శ్రీరంగ నీతులు. నిన్న నలభై మంది ముందు కొస కోసేవాడు దొంగ అన్న మనిషి, ఇవాళ దొంగఖాతాతో కొస కోస్తున్నాడు. ఆ అమ్మాయి మాట రాత్రంతా పొడిచి ఉంటుంది. ఈ సంగతి ఎవరెవరికి చెప్పి నవ్వించాలా అని లెక్కలు వేసుకుంటూ నా కుర్చీలోకి వచ్చాను. అప్పటికి రెండు గంటల కిందట నా చేత్తో పదమూడు పెట్టాను. ఆయన పదకొండు పెట్టడం నా కళ్ళతో చూశాను. పదకొండుకీ పదమూడుకీ మధ్య పన్నెండు ఏమైందని నాకు తట్టలేదు. ఆయన్ను చూసి నవ్వుకోవడంలో మునిగి ఉన్నాను.

పన్నెండు నెలల పిల్లలు ఏ గదిలోనూ లేకుండా పోయారు. అప్పటికి ఆ ఫ్యాక్టరీలో ఆ వయసువాళ్ళు ముగ్గురు. ఇద్దరికి ఇంట్లో అవ్వలున్నారు, గడిచిపోయింది. మూడో బిడ్డ తల్లి నాగవేణి. కళ్యాణదుర్గం వైపు నుంచి మొగుడితో వచ్చింది. అతను కట్టడం పని కోసం ఊరి ఇంకో చివరన ఉంటాడు. బిడ్డను చూసేవాళ్ళు ఇంకెవరూ లేరు. పన్నెండో నెల పెట్టిన రోజు ఉదయం ఆయమ్మ జాబితా చూసి పేరు లేదంది. రెండో గదిలో అడగమంది. అక్కడా లేదు. మర్నాడూ లేదు. నాలుగు రోజులు గేటు దాకా వచ్చి వెనక్కి పోయింది. ఐదో రోజు హేమ వేరే పని మీద అక్కడికి వెళితే గేటు దగ్గర కనబడిందట.

"పాపకు పన్నెండో నెల పెట్టినాక పేరు ఎత్తేసినారంట మేడం. కంప్యూటర్లో లేదంటారు. మేమేమన్నా తప్పు చేసినామా?" అని అడిగిందట.

హేమ అక్కడి నుంచే మాకు ఫోన్ చేసింది. సాయంత్రానికి సరిచేశాం. అప్పటికే సూపర్‌వైజరు నాగవేణి మిషను ఇంకొకామెకు ఇచ్చేశాడు. లైను ఆగకూడదు కదా. నాగవేణి మళ్ళీ ఆ ఫ్యాక్టరీలో చేరలేదు.

ఫ్యాక్టరీ వాళ్ళు గట్టిగా ఉత్తరం రాశారు. మా మేనేజరు మీటింగు పెట్టి, ఏ ఫైలు ఎప్పుడు ఎవరు మార్చారో చూపించే జాబితా గోడమీది తెరపై వేశాడు. ఆటల గది ఫైలు పక్కన నా పేరుంది. రెండుచోట్ల వస్తోందని మార్చానని చెప్పాను. నిజమే కాబట్టి గొంతు బాగానే పలికింది. ఊయల గది ఫైలు పక్కన ఉమ్మడి ఖాతా పేరుంది.

"ఆ వారం ఫ్యాక్టరీకి మార్పులు పంపే డ్యూటీ ఎవరిది?" అన్నాడు మేనేజరు.

"నాదే సార్," అంది హేమ. "కానీ ఆ ఫైలు నేను ముట్టలేదు."

"ఆ ఖాతా ఆ వారం నీ చేతిలోనే కదా ఉంది?"

"ఉండింది సార్. పాస్‌వర్డ్ ఇంకా కొందరికి తెలుసు."

అందరూ బల్ల చూస్తున్నారు. ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు. తర్వాత తలెత్తి నావైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నేను నోటుబుక్కులో గీతలు గీస్తున్నాను. చెప్పాలంటే ఒక్క వాక్యం చాలు. కానీ ఆ వాక్యం చెబితే మేనేజరు అడిగే రెండో ప్రశ్న నాకు తెలుసు. పదకొండు పెడుతుంటే చూశావు, పదమూడు పెట్టింది నువ్వే, మరి ఎందుకు చెప్పలేదు? అప్పుడు ఆయనతో పాటు నేనూ నిలబడాలి. గీతలు గీస్తూ ఉండిపోయాను.

"నేను అప్పుడే చెప్పినా, కొసలతో ఆడుకోవద్దని," అన్నాడు ఆయన. చివరి మాట అదే.

ఆ నెలాఖరుకు హేమ కాంట్రాక్టు ముగించారు. ఆకుపచ్చ తాడు సెక్యూరిటీ దగ్గర ఇచ్చేసి వెళ్ళిపోయింది. తర్వాత రెండు కంపెనీల వాళ్ళు ఆమె గురించి మా మేనేజరును అడిగారు. పని తెలుసు గానీ అజాగ్రత్త అని చెప్పాడట. రెండూ పోయాయి. మూడోది దొరికేసరికి ఐదు నెలలు పట్టింది.

ఈలోగా, హేమ వెళ్ళిన నాలుగో నెలలో, మా భాషకు కొత్త కూర్పు వచ్చింది. అందులో ముఖ్యమైన విశేషం కొస వదిలే గుర్తు. చుక్కల పక్కన అదే చిన్న గుర్తు, అవే మూడు రకాలు. ఉదాహరణల్లో అంకెలు మాత్రం మార్చారు. కింద ఆయన పేరు. దాని మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు. తెరమీద సూర్యాస్తమయం బొమ్మ, దానిపైన "వదులుకోవడం కూడా ఒక కళ" అని పెద్ద అక్షరాలు. చేతులు చాచాడు. ఈసారి తాత బట్ట కొలవలేదు, ముక్కలు అతికాడు. "అతికేటప్పుడు ఒక కొసను లోపలికి మడవాలప్పా, అది గొత్తుండాల," అన్నాడు, తెలిసుండాలని. అందరూ చప్పట్లు కొట్టారు. కేకు తెప్పించారు. గులాబీ పువ్వు ఉన్న ముక్క ఆయన తీసుకున్నాడు. నేను కూడా చప్పట్లు కొట్టాను, కేకు తిన్నాను, బాగుంది కూడా. సీటుకు వచ్చి ఆయన్ను మనసులో తిట్టుకున్నాను. అప్పట్నించీ తిడుతూనే ఉన్నాను. మనసులో తిట్టడంలో నన్ను మించినవాడు లేడు.

ఆయన రిటైరయ్యే రోజున అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. నాకు రాలేదు. పీడ వదిలిందనుకున్నాను.

కబురు వచ్చిన మంగళవారం మధ్యాహ్నం హేమకు ఫోన్ చేశాను. కాంట్రాక్టు వాళ్ళను మా గ్రూపులో చేర్చరు కాబట్టి ఆమెకు తెలిసి ఉండదనుకున్నాను. నంబరు అదే ఉంది. గుర్తుపట్టింది. ఆయన పోయాడని చెప్పాను.

"తెలుసు సార్. పొద్దున వాళ్ళ కూతురు మెసేజి పెట్టింది."

ఆయన కూతురు ఈమెకు ఎందుకు మెసేజి పెడుతుందో నాకు అర్థం కాలేదు. అడగలేదు. నేను చెప్పదలచుకున్నది గొంతులో పెట్టుకుని ఉన్నాను, అది ముందు కక్కేయాలనిపించింది. ఆ పదకొండు ఆయన పెట్టాడని, నేను చూశానని, ఆ రోజు మీటింగులో నోరు మెదపలేదని, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాను. ఇన్నేళ్ళ బరువు దిగినట్టు అనిపించింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమోనని చూశాను.

"అది కూడా తెలుసు సార్," అంది.

"ఎట్లా?"

"ఆయనే చెప్పినాడు. రిటైరైన వారానికి మా పీజీకి వచ్చినాడు. లిఫ్టు లేదు, మూడంతస్తులు ఎక్కినాడు. పదకొండు నేనే పెట్టినా తల్లీ, ఆ గుర్తు కూడా నీదే, అన్నాడు. మీరు కాఫీ పట్టుకుని వెనక నిలబడింది కూడా చెప్పినాడు. ఆ పొద్దు మీటింగులో వాడు నోరు తెరుస్తాడని కాచుకోనుంటి, తెరిచుంటే ఒప్పుకునేవాణ్ణి అన్నాడు."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నేను ఊరుకోలేదులేండి," అంది. "పక్క కుర్చీ సారు చెప్తేనే మీరు ఒప్పుకుంటారా, చెప్పకపోతే ఒప్పుకోరా అని ఆయన్ను అడిగినా. తల వంచుకున్నాడు. నాగవేణి ఎక్కడుందో తెలుసా అని అడిగినా. తెలీదన్నాడు. వెతకండన్నా. వెతికినాడు సార్. రెండు నెలలు ఆ గేట్ల చుట్టూ తిరిగినాడు. హోసూరు రోడ్డులో ఇంకో యూనిట్లో దొరికింది. నన్ను కూడా తీసుకుపోయినాడు. ఆమె ముందర చేతులు కట్టుకుని నిలబడినాడు."

ఆ చేతులు నాకు తెలిసినవే. కట్టుకుని ఉండగా ఎప్పుడూ చూడలేదు. ఆ మాట విన్నాక నాకు ఆయన మీద దయ కలగాల్సింది. కలగలేదు. నాకంటే ముందు పోయి చెప్పేశాడన్న కోపం వచ్చింది. అది సిగ్గుపడాల్సిన కోపమని తెలుస్తూనే వచ్చింది.

"క్షమించమ్మా," అన్నాను.

"నాకేం కోపం లేదు సార్. కానీ ఒకటి చెప్తా. ఆయన నాకే చెప్పినాడు, మీరూ నాకే చెప్తా ఉండారు. నేను చేయలేదని నాకు ముందే తెలుసు కదా. తెలీనోళ్ళు ఆ గదిలో ఉండారు. ఇప్పటికీ అక్కడ నా పేరు చెప్పి కొత్తవాళ్ళకు జాగ్రత్తలు నేర్పిస్తారంట."

నిజమే. నేర్పిస్తాం. ఆ పాఠం చెప్పేది చాలాసార్లు నేనే.

"శుక్రవారం ఆఫీసులో సంతాప సభ పెట్టారు," అన్నాను. "పక్కన ఎక్కువ ఏళ్ళు కూర్చున్నవాణ్ణని నన్ను మాట్లాడమన్నారు. మేనేజరు, పాతవాళ్ళు, అందరూ వస్తారు. కానీ పోయిన మనిషి మీద ఇప్పుడు ఎట్లా చెప్పేది హేమా? ఆయన ఇంటివాళ్ళు కూడా కూర్చుని ఉంటారు."

అటువైపు ఎవరో ఆమెను పిలుస్తున్నారు, వస్తున్నానని వాళ్ళకు కన్నడంలో చెప్పింది.

"ఆయన గురించి వద్దు సార్," అంది. "మీ గురించి చెప్పండి."

శుక్రవారం నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. ఐదు నిమిషాలూ ఆయన గురించే మాట్లాడాను. బాగా మాట్లాడావని మేనేజరు చెయ్యి పట్టుకున్నాడు.